అరవై నిమిషాల ఖాళీ

నొక్కినవా? ఎర్రదీపం ఎలిగిందా?
ఆ... మాట్లాడుతున్న.

సారూ,
షార్జాల, రోలా ఎనక గల్లీల
మొయిదీన్‌కుట్టి దుకాణంల
ఖాళీ క్యాసెట్టు మొన్నటిదాక మూడు దిర్హంలు.
ఇయ్యాల మూడున్నర.
ఆ అర ఎందుకని అడిగితే
గోడకంటిన కాయితం చూపెట్టిండు.
చదువొచ్చిన సదాశివుడు చదివి చెప్పిండు:
దీంట్ల మీరు పాటలెక్కించుకుంటరట,
పాటగాళ్ళ పాలు ముందే పట్టుకుంటరట.

దొంగతనం కాకముందే జుర్మానా.
గిన్నె కొన్నోడు పక్కింటి కూర ఎత్తుకపోతడని
గిన్నె మీదనే కూర పైసలు గుంజినట్టు.

మా రూముల క్యాసెట్లల్ల ఏమున్నదో
చెప్త, రాసుకోండ్రి.

లింబాద్రి దాంట్ల
బోరు ఏ మూలకు దింపాలె, ఎన్ని ఫీట్లు పోవాలె,
సేటుకు మిత్తి కట్టినవా అని మూడుసార్లు,
నడుమ నడుమ దగ్గు.
దగ్గుకు హక్కుదారు ఎవరు సారూ?

ఖాజామియాకు ఇంటికాడికెల్లి వచ్చినదాంట్ల
బిడ్డ రెండో ఎక్కం.
"రెండేడ్లు పదమూడు" అనంగనే
ఆపుతడు, ఎనకకు తిప్పుతడు,
మల్ల తప్పు చెప్పిచ్చుకుంటడు.

రాజోలు సత్యవేణి విల్లాల పనిజేస్తది.
నీళ్ళగదిల నల్లా ఇడిసి మాట్లాడుతది,
మేడమ్ చెవిన పడొద్దని.
డ్రైవరు చేతుల పెట్టి మా కాడికి పంపుతది,
మేం టపాల ఏస్తం.
దాంట్ల మాట కన్న నీళ్ళే ఎక్కువ.

కొత్తది కొనలేనప్పుడు పాతదాని మీదనే నింపుతం.
కొత్త గొంతు అడుగున
పాత గొంతు సన్నగ తేలుతది.
తల్లి పోయినంక గంగాధరి
ఆ ఒక్కదాన్ని మల్ల నింపలేదు.
దాని మీద ఆయన గొంతే ఉంటది,
"బాగున్న, బాగున్న" అనుకుంట.
దాని కింద ఆమె.

పాటగానికి పైసలొద్దని మేమంటలేం.
మా పోశెట్టీ పాటగాడే.
పగటీలి పైపులకు వెల్డింగు,
శుక్రారం రాత్రి బకీటు మీద దరువు.
ఆయన పాట అజ్మాన్ క్యాంపుకు పోయింది,
జబల్ అలీకి పోయింది,
పదో కాపీల
ఆయన గొంతు ఆయనకే గుర్తువట్టరాలే.
మా అర దిర్హంలల్ల ఆయన పాలు
ఏ కిటికీ కాడ ఇస్తరో అడుగుమన్నడు.
పాస్‌పోర్టు కఫీల్ కాడ ఉన్నది,
వేలిముద్ర సరిపోతదా?

ఆగు, అయిపోవస్తున్నది. తిప్పు.

ఇనస్తున్నదా?
అర్జీ కాయితం మీద రాద్దామనుకున్నం.
రాసేటోడు ఒక్కడు, చెప్పేటోళ్ళు నలభై మంది.
అందుకే దీంట్ల.
దీనికి గూడ మూడున్నర పెట్టే కొన్నం,
రశీదు డబ్బల పెట్టినం.

సంతకాలకు బదులు పేర్లు:
భీంగల్ లింబాద్రి.
కోరుట్ల పోశెట్టి.
ఖాజామియా, మెట్‌పల్లి.
గంగాధరి... కొంచెం గట్టిగ చెప్పన్నా.
సత్యవేణి పేరు మేమే చెప్తున్నం,
చెప్పొచ్చో చెప్పొద్దో ఎరుక లేదు,
వద్దనుకుంటే అది తుడుపుండ్రి.
తక్కినోళ్ళు గొంతు సవరించుకున్నరు,
అదే సంతకమనుకోండ్రి.

ఒక్క ముచ్చట దాచం.
పేర్లు చెప్తుంటే
కింద చాయ్ దుకాణంల రేడియో పాట
కిటికీలకెల్లి చొచ్చుకొచ్చింది,
ఎనిమిది సెకండ్లు.
మేం ఎక్కించలే, అదే ఎక్కింది.
దానికి లెక్క కట్టి చెప్పుండ్రి,
రూమంత ఏసుకొని ఇస్తం.

మాటలు ఒడిసినయి.
ఇంక పదకొండు నిమిషాలున్నది, ఖాళీ.
దానికీ పైసలు కట్టినం.
జల్ది బంద్ చెయ్యకుండ్రి.
మేం గూడ బంద్ చేస్తలేం.
ఏసీ చప్పుడు ఇనస్తది,
పొద్దుగాల డ్యూటీ ఉన్నోడు
పై మంచం మీద మెసలుతడు.
అందరం ఈడనే ఉన్నం.